సమకాలీన శృంగార ప్రేమనవల – పాఠకురాలి ఆశాభంగం: గురజాడ, చాసో రచనల వెలుగులో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

సమకాలీన తెలుగు ప్రేమనవలల్లో, ముఖ్యంగా డిజిటల్ వేదికల మీద భాగాలుగా వెలువడుతున్న నవలల్లో, శృంగార వర్ణన పాలు బాగా పెరిగింది. వాటిని ఇష్టంగా చదివే పాఠకురాలే వాటి పట్ల అసంతృప్తినీ ప్రకటిస్తోంది. ఆ అసంతృప్తిని నైతిక అభ్యంతరంగానో, అభిరుచి లోపంగానో కొట్టివేయకుండా సాహిత్యపరమైన తీర్పుగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఇందుకు రసవిచారంలోని కొన్ని భావనలను, విజయనగరంలో జీవించి రాసిన గురజాడ అప్పారావు, చాసోల రచనలను ఆధారంగా తీసుకుంటుంది.

కీలకపదాలు: ప్రేమనవల, శృంగారం, రసాభాస, విప్రలంభం, పాఠకురాలు, కన్యాశుల్కం, చాసో, ఉత్తరాంధ్ర.

1. ప్రవేశిక

తెలుగులో ప్రేమనవల గురించి విమర్శకులు చదవకుండానే తీర్పు చెబుతారు. పాఠకులు చదివి కూడా తీర్పు చెప్పరు. చాలాకాలంగా సాగుతున్న ఆచారం ఇది. వారపత్రికల కాలంలో పాఠకురాలి అభిప్రాయం ఉత్తరాల శీర్షికలో రెండు వాక్యాలకు పరిమితమయ్యేది. ఆ రెండు వాక్యాలు కూడా సంపాదకుడి ఎంపికకు లోబడినవే. డిజిటల్ వేదికల్లో పరిస్థితి మారింది. ప్రతి భాగం కిందా పాఠకురాలు నక్షత్రాలు ఇవ్వవచ్చు, నాలుగు మాటలు రాయవచ్చు, రచయిత్రితో నేరుగా వాదించవచ్చు. ఆ మాటల్లో పొగడ్తతో పాటు తరచుగా వినిపించేది ఒక రకమైన నిరాశ. కథ మొదట్లో ఉన్న ఆసక్తి తర్వాత లేదని, నాయికానాయకులు దగ్గరైన కొద్దీ నవల చప్పబడిపోయిందని, ఎన్ని నవలలు చదివినా ఒకే నవల చదివినట్టుందని ఆ నిరాశ సారాంశం.

ఇందులో గమనించవలసిన విషయం ఒకటుంది. ఈ పాఠకురాలు శృంగారం ఉందని నొచ్చుకోవడం లేదు. శృంగారాన్ని ఆశించే ఆమె ఆ పుస్తకాన్ని ఎంచుకుంది. ఆశించినది పుటల కొద్దీ దొరికింది. అయినా దొరకలేదని ఆమె అంటోంది. సమృద్ధిగా వర్ణించిన చోటనే లోటు కనిపించడం సాహిత్య విమర్శకు ఆసక్తి కలిగించవలసిన విషయం. మన పరిశోధనలో దానికి ఇంతవరకు దక్కిన చోటు స్వల్పం.

2. ఆశాభంగానికి రెండు తప్పు వ్యాఖ్యానాలు

శృంగార రచన మీద అసంతృప్తి అనగానే తెలుగులో మొదట గుర్తుకు వచ్చేది అశ్లీలత వివాదం. అందుకు చారిత్రక కారణం ఉంది. 18వ శతాబ్దంలో తంజావూరు ప్రతాపసింహుని ఆస్థానానికి చెందిన ముద్దుపళని ‘రాధికా సాంత్వనము’ రచించింది. వీరేశలింగం తన కవుల చరిత్రలో ఆ కావ్యాన్నీ కవయిత్రినీ కలిపి నిందించాడు. బెంగళూరు నాగరత్నమ్మ 1910లో ఆ కావ్యాన్ని పరిష్కరించి ప్రచురిస్తే, మరుసటి ఏడే బ్రిటిష్ ప్రభుత్వం ప్రతులను స్వాధీనం చేసుకుంది. టంగుటూరి ప్రకాశం మద్రాసు ప్రధానమంత్రిగా ఉన్న కాలానికి గానీ ఆ నిషేధం తొలగలేదు. పురుషులు రాసిన ప్రబంధాల్లోని శృంగారాన్ని సహించిన సంస్కర్తలే స్త్రీ రాసిన శృంగారాన్ని సహించలేకపోయారని నాగరత్నమ్మ అప్పుడే ఎత్తిచూపింది. ఈ చరిత్ర తెలిసిన ఏ అధ్యాపకుడైనా శృంగార నవల మీద విమర్శ రాయడానికి జంకుతాడు. రాస్తే తానూ ఆ సంస్కర్తల వరుసలో నిలబడతానేమోనన్న భయం ఉంటుంది. ఈ జంకు మంచిదే. అయితే దాని ఫలితంగా మంచి శృంగార రచనకూ చెడ్డ శృంగార రచనకూ తేడా చెప్పే పనిని కూడా వదిలేశాం.

రెండో వ్యాఖ్యానం అభిరుచికి సంబంధించినది. ఇవి కాలక్షేపం పుస్తకాలనీ, వాటిని చదివి నిరాశపడటం సహజమనీ, మంచి సాహిత్యం చదవమనీ సలహా ఇవ్వడం. వినడానికి సౌమ్యంగా ఉన్నా ఈ సలహాలో పాఠకురాలి తెలివి మీద నమ్మకం లేదు. జానిస్ రాడ్వే 1984లో వెలువరించిన ‘రీడింగ్ ది రొమాన్స్’ అనే గ్రంథం ఈ దృష్టిని చాలావరకు మార్చింది. అమెరికాలోని ఒక పట్టణంలో, ఒక పుస్తకాల దుకాణం చుట్టూ చేరిన స్త్రీలను ఆమె పరిశీలించింది. ఎడతెరిపి లేకుండా ప్రేమనవలలు చదివే ఆ స్త్రీలు ఏది కుదిరిన నవలో, ఏది కుదరని నవలో స్పష్టంగా విడమరచి చెప్పగలిగారు. నాయకుడి క్రౌర్యం మోతాదు మించినా, నాయిక పట్ల అతని శ్రద్ధ కనిపించకపోయినా ఆ నవలను వారు తిరస్కరించారు. అంటే ఆశాభంగం వారి వద్ద ఒక కొలబద్ద. తెలుగు పాఠకురాలి నిరాశకూ అటువంటి కొలబద్ద హోదా ఇచ్చి చూస్తే ఏం తేలుతుందన్నది ఇక్కడి ప్రశ్న.

3. వారం నుంచి భాగం వరకు

ప్రేమనవల తెలుగులో స్త్రీల చేతికి వచ్చిన కాలం 1960ల నడిమి భాగం. యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’ అప్పుడే వెలువడి, 1976లో చలనచిత్రంగా కూడా వచ్చింది. పొడవాటి కారు, పెద్ద బంగళా, ఆజానుబాహుడైన నాయకుడు అంటూ ఆ తరహా నవలలను ఎద్దేవా చేయడం విమర్శకులకు అలవాటైపోయింది. ఎద్దేవాలో నిజం లేకపోలేదు. కానీ ‘సెక్రటరీ’ని కదిలించే శక్తి కారులో లేదు. జయంతి జీతం కోసం పనిచేసే యువతి. యజమాని రాజశేఖరానికీ ఆమెకూ మధ్య ఉన్న ఆర్థికమైన అంతరం ఆమె ఆత్మాభిమానాన్ని ప్రతి సన్నివేశంలోనూ పరీక్షిస్తుంది. ప్రేమను ఒప్పుకోవడమంటే ఓడిపోవడమేమోనన్న ఆమె సందేహమే ఆ నవలకు ప్రాణం. శారీరక సాన్నిహిత్యం ఆ నవలలో బహు స్వల్పం. అయినా ఒక తరం స్త్రీలు దానిని దాచుకుని చదివారు.

ఆ కాలపు పత్రికల సంచికలు కొన్ని శ్రీకాకుళంలోనే చూడవచ్చు. కాళీపట్నం రామారావు 1997లో స్థాపించిన కథానిలయం కథల కోసం పత్రికలను సేకరించింది. కథ కోసం తెరిచిన సంచికలో ధారావాహిక నవల కూడా పక్కనే కనిపిస్తుంది. కథకూ ప్రేమనవలకూ మధ్య మన సాహిత్య చరిత్రకారులు కట్టిన గోడ ఆ పాత కాగితాల మీద లేదు. ఒకే పాఠకురాలు రెండింటినీ ఒకే మధ్యాహ్నం చదివి ఉంటుంది. పరిశోధకులు ఈ దిశగా ఆ సంచికలను మళ్ళీ తిరగేస్తే మంచిది.

డిజిటల్ వేదికల రాకతో నవల ప్రమాణం మారింది. బెంగళూరు కేంద్రంగా 2014లో మొదలైన ప్రతిలిపి తెలుగుతో సహా పలు భారతీయ భాషల్లో స్వీయ ప్రచురణకు వీలు కల్పించింది. సంపాదకుడి అనుమతి అవసరం లేకుండా గృహిణులు, విద్యార్థినులు, చిన్న ఉద్యోగినులు నవలలు రాయగలగడం చిన్న విషయం కాదు. వెయ్యేళ్ళ సాహిత్య చరిత్రలో ఇంతమంది తెలుగు స్త్రీలు ఏకకాలంలో నవలలు రాసిన సందర్భం మరొకటి ఉందనుకోవడం కష్టం. ఆ విస్తృతిని గౌరవిస్తూనే రూపం మీద దాని ప్రభావాన్ని గమనించాలి. వారపత్రికలో కొత్త భాగం కోసం పాఠకురాలు ఏడు రోజులు ఎదురుచూసేది. ఫోనులో కొత్త భాగం రోజూ రావాలి, తక్కువ నిడివిలో రావాలి, చివర ఒక కుదుపు ఉండాలి. ముగింపు ఎంత ఆలస్యమైతే ఆదరణ అంతకాలం నిలుస్తుంది. కాబట్టి నవల వంద భాగాలు దాటడం సర్వసాధారణం. కథలో జరగవలసిన సంఘటనలు మాత్రం అన్ని ఉండవు. ఆ ఖాళీని నింపడానికి అందుబాటులో ఉన్న సులువైన సామగ్రి శృంగార సన్నివేశం.

ఇతివృత్తాలు కూడా కొన్ని మూసల్లోకి కుదురుకున్నాయి. ఒప్పందపు పెళ్ళి, అహంకారి అయిన కంపెనీ అధినేత, పగతో తాళి కట్టిన నాయకుడు, అమాయకురాలైన పల్లెటూరి నాయిక. ఆంగ్లంలో 2011లో వచ్చిన ‘ఫిఫ్టీ షేడ్స్ ఆఫ్ గ్రే’ తర్వాత ప్రపంచమంతటా విస్తరించిన నమూనాకు ఇవి తెలుగు రూపాలు. నాయిక ఊరు ఏదైనా కావచ్చు. ఆమె మాట్లాడే తెలుగుకు మాత్రం ఊరు ఉండదు. శ్రీకాకుళం నుంచి వచ్చిందని ఒక వాక్యంలో చెప్పినా ఆమె నోట ఒక ‘ఏటి’ గానీ, ఒక ‘గుంట’ గానీ, ఒక ‘ఒలమ్మీ’ గానీ వినపడదు.

4. అనుభావాలు మిగిలిన నవల

రసవిచారం పాతబడిన పరికరమని అనుకునేవారు ఉన్నారు. ఈ నవలల విషయంలో అది ఆశ్చర్యం కలిగించేంత చురుకుగా పనిచేస్తుంది. రతి అనే స్థాయిభావం శృంగార రసంగా పరిణమించడానికి విభావం, అనుభావం, సంచారిభావం మూడూ కావాలి. ఎవరి పట్ల, ఏ పరిస్థితిలో ఆ భావం పుట్టిందన్నది విభావం. శరీరం మీద అది ఎలా బయటపడిందన్నది అనుభావం. మధ్యలో వచ్చిపోయే శంక, లజ్జ, అసూయ, చింత వంటివి సంచారులు. సమకాలీన శృంగార నవల ఈ మూడింటిలో అనుభావాన్ని మాత్రమే పెంచి పోషించింది. చెమట, వణుకు, గుండె వేగం, ఎర్రబడిన బుగ్గలు పుటల కొద్దీ వస్తాయి. ఎనిమిది సాత్త్విక భావాలలో స్వేదం, రోమాంచం, వేపథువు మూడింటికే పనిభారమంతా పడి, మిగిలిన అయిదూ సెలవు మీద ఉన్నట్టు కనిపిస్తుంది.

విభావం లేని అనుభావం వైద్యుడి చీటీలోని లక్షణాల పట్టికను పోలి ఉంటుంది. అతడిని చూస్తే ఆమెకు వణుకు ఎందుకు వచ్చింది అన్న ప్రశ్నకు నవల ఇచ్చే జవాబు అతని ఎత్తు, అతని భుజాలు, అతని కారు. ఆ జవాబు వేరే నవలలోని నాయకుడికీ సరిపోతుంది. ఒకే నవలను పదేపదే చదివినట్టుందన్న పాఠకురాలి ఫిర్యాదుకు మూలం ఇక్కడ ఉంది. అనుభావాలు మనుషులందరికీ దాదాపు సమానం. మనిషినీ మనిషినీ వేరు చేసేవి విభావాలు.

సంచారుల సంగతి కూడా అంతే. కోరిక పక్కనే ఇంటి అద్దె గుర్తుకు రావడం, తల్లి ఆరోగ్యం మీద దిగులు, చేసిన పనికి సిగ్గు, అంతలోనే ఆ సిగ్గు మీద కోపం, వీటిలో ఏదీ పడకగది తలుపు దాటి లోపలికి రాదు. ఆ గదిలో ఎప్పుడూ ఏసీ నడుస్తూ ఉంటుంది. పక్క గదిలో అత్తగారు దగ్గడం ఎవరికీ వినిపించదు.

విప్రలంభం గురించి ఇక్కడ ప్రత్యేకంగా చెప్పవలసి ఉంది. పూర్వరాగం, మానం, ప్రవాసం, కరుణం అని విప్రలంభాన్ని ఆలంకారికులు విభజించారు. ఈ నాలుగింటిలోనూ ఎడబాటుకు ఒక కారణం ఉంటుంది. భాగాల నవలలో ఎడబాటుకు కారణం తరచుగా భాగం ముగియవలసి రావడమే. చాటున విన్న సగం మాట, తప్పుగా అర్థం చేసుకున్న ఫొటో, ఎత్తని ఫోను. రెండు వాక్యాలు మాట్లాడుకుంటే తీరిపోయే అపార్థం నలభై భాగాలు సాగుతుంది. ప్రవాస విప్రలంభానికి ఉత్తరాంధ్ర జీవితంలో కొరత లేదు. శ్రీకాకుళం జిల్లా మత్స్యకారులు గుజరాత్ తీరానికి వలస వెళ్ళి, 2018 నవంబరులో పాకిస్థాన్ అధికారులకు చిక్కి, 2020 జనవరిలో విడుదలయ్యారు. వారి అనుభవం ఆధారంగా 2025లో ‘తండేల్’ చలనచిత్రం వచ్చింది. దాని గుణదోషాలు వేరే చర్చ. అందులోని ప్రేమకు సముద్రం, వేట కాలం, సరిహద్దు అడ్డుపడ్డాయి గనుక ఎదురుచూపుకు బరువు వచ్చింది. నవల వదిలేసిన వనరును సినిమా అందుకుంది.

5. బలవంతం – రసాభాస

ఈ నవలల్లో అన్నిటికంటే ఇబ్బంది పెట్టే మూస, బలవంతం ప్రేమగా మారడం. నాయకుడు మొదట నాయికను అవమానిస్తాడు, ఆమె అంగీకారం లేకుండా తాళి కడతాడు, భర్తగా హక్కు ఉందంటూ దగ్గరవుతాడు. కొన్ని భాగాల తర్వాత అతని బాల్యంలోని గాయం బయటపడుతుంది. దానితో జరిగినదంతా ప్రేమ ఖాతాలో జమ అవుతుంది. వ్యాఖ్యల్లో కొందరు పాఠకురాళ్ళు దీనిని మెచ్చుకుంటారు. కొందరు అక్కడే చదవడం ఆపేస్తారు. ఆపేసినవారిది మితిమీరిన సున్నితత్వం అనడానికి వీలు లేదు. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 63వ సెక్షన్ కూడా, పాత శిక్షాస్మృతి మాదిరిగానే, పద్దెనిమిదేళ్ళు నిండిన భార్యతో భర్త జరిపే బలవంతపు సంభోగాన్ని అత్యాచారం నిర్వచనం నుంచి మినహాయించింది. చట్టం రక్షణ ఇవ్వని చోట నవల ఆ బలవంతానికి సౌందర్యం కల్పిస్తుంటే, చదివే స్త్రీకి కలిగే అసౌకర్యం కేవలం అభిరుచికి సంబంధించినది కాదు.

ప్రాచీన అలంకారశాస్త్రం దీనికి ఒక పేరు పెట్టింది. ఇద్దరిలోనూ లేని రతి, అంటే ఒకరిలోనే ఉన్న కోరిక, రసం కాజాలదని, అది రసాభాస అని 14వ శతాబ్దపు విశ్వనాథుడు ‘సాహిత్యదర్పణం’లో పేర్కొన్నాడు. పరస్పరత లేనిచోట శృంగారం ఉన్నట్టు కనిపిస్తుందే తప్ప ఉండదన్న ఈ సూక్ష్మదృష్టి నేటి అంగీకారం అనే భావనకు దగ్గరగా ఉంది. అయితే అదే పట్టికలో అధమపాత్రల ప్రేమను కూడా విశ్వనాథుడు రసాభాసగానే లెక్కించాడు. పాలేరు ప్రేమ, దాసి ప్రేమ రసం కాలేవన్న ఆ తీర్పు నాటి సమాజపు ఎచ్చుతగ్గుల నుంచి వచ్చింది. మొదటిదాన్ని స్వీకరించి రెండోదాన్ని నిరాకరించే పని నేటి విమర్శకుడిదే. విచిత్రమేమిటంటే నేటి శృంగార నవల సరిగ్గా దీనికి విరుద్ధంగా నడిచింది. పరస్పరతను వదిలేసింది; నాయకుడు మాత్రం సంపన్నుడై ఉండాలన్న నియమాన్ని భద్రంగా కాపాడుకుంది.

6. ధర తెలిసిన కోరిక: గురజాడ, చాసో

విజయనగరంలో పుట్టిన సాహిత్యం కోరికను ఎన్నడూ ధర లేని వస్తువుగా చూడలేదు. ‘కన్యాశుల్కం’ 1892లో విజయనగరంలో తొలిసారి ప్రదర్శితమైంది. 1897లో అచ్చయిన తొలి కూర్పు ఆంగ్ల పీఠికలో గురజాడ ఒక లెక్క ఇచ్చాడు. విశాఖపట్నం జిల్లాలో బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్ళలో జరిగిన అటువంటి వివాహాలు మహారాజు సేకరింపజేసిన పట్టికలో 1,034 ఉన్నాయి. ఆ వధువుల్లో అయిదేళ్ళ లోపు పసిపిల్లలు కూడా ఉన్నారు. ప్రేమ, పెళ్ళి, కోరిక అనే మాటలు ఎత్తే ముందు ఈ ప్రాంతపు ఆధునిక సాహిత్యం ఆ లెక్క చూసుకుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20–24 ఏళ్ళ స్త్రీలలో పద్దెనిమిదేళ్ళ లోపే పెళ్ళయినవారు సుమారు 29 శాతం. కనుక ఆ లెక్క పూర్తిగా పాతబడలేదు.

1909 నాటి రెండో కూర్పులో మధురవాణి పాత్ర విస్తరించింది. నాటకం చివరి భాగంలో ఆమె పురుషవేషంలో విశాఖపట్నంలోని వకీలు సౌజన్యారావు పంతులు ఇంటికి వస్తుంది. లుబ్ధావధాన్లు కేసును తేల్చగల రహస్యం ఆమె వద్ద ఉంది. దానికి ప్రతిఫలంగా ఆమె అడిగింది ఒక ముద్దు. వేశ్యను తాకనన్న వ్రతం ఒకవైపు, నిర్దోషిని కాపాడవలసిన ధర్మం ఒకవైపు. సౌజన్యారావు నలిగిపోయి చివరకు ఒప్పుకుంటాడు. ఆయన దగ్గరకు వచ్చే క్షణంలో ఆమే వారిస్తుంది. చెడిపోనివారిని చెడగొట్టరాదన్న తల్లి మాటను ఆమె కారణంగా చెబుతుంది.

జరగని ఆ ముద్దు తెలుగు నాటక సాహిత్యంలో అత్యంత ఉద్రిక్తమైన శృంగార ఘట్టాలలో ఒకటి. దానికి ఆ శక్తి ఎక్కడిది? ముద్దు విలువ ఎంతో ఇద్దరికీ తెలుసు. ఆయనకు అది వ్రతభంగం. ఆమెకు అది వృత్తిలో రోజూ చెల్లే నాణెం, ఆ క్షణంలో మాత్రం చెల్లించకుండా వదిలేసిన నాణెం. శరీరాన్ని అమ్ముకోవడం వృత్తి అయిన స్త్రీ, దొరికిన ముద్దును వద్దనడంతో తనకంటూ ఒక కోరిక ఉందనీ, దాని మీద తనకే అధికారం ఉందనీ చూపింది. వంద భాగాల నవలలో నాలుగు వందల ముద్దులున్నా ఈ బరువు రాకపోవడానికి కారణం, అక్కడ ఏ ముద్దూ దేనినీ పణంగా పెట్టదు.

చాసోగా ప్రసిద్ధుడైన చాగంటి సోమయాజులు (1915–1994) శ్రీకాకుళంలో పుట్టి విజయనగరంలో స్థిరపడ్డాడు. ఆయన ‘ఏలూరెళ్ళాలి’ కథను ఈ చర్చలో తప్పించుకోవడం కుదరదు. వృద్ధుడికి భార్య అయిన మాణిక్యమ్మ, ఆమె పరిచయంలోకి వచ్చిన ఒక విద్యార్థి, వారి మధ్య సంబంధం, ఏళ్ళ తర్వాత రైల్లో కలయిక, ఆమెతో ఉన్న కొడుకు. సమకాలీన శృంగార నవలకు కావలసిన ముడిసరుకు అంతా ఈ చిన్న కథలో ఉంది. చాసో దానిని వర్ణనకు వాడుకోలేదు. మాణిక్యమ్మ చొరవలో కోరిక ఎంత, లెక్క ఎంత అన్నది పాఠకుడు తేల్చుకోలేడు. ముసలి భర్త పోయాక కొడుకు లేని భార్యకు ఆ ఇంట్లో ఏ చోటూ ఉండదని ఆమెకు తెలుసు. ఆ బిడ్డ ఆమెకు ఆస్తి, గౌరవం, భవిష్యత్తు. అంతమాత్రాన ఆ సంబంధంలో ఇష్టం లేదనడానికి కథ ఎక్కడా అవకాశం ఇవ్వదు. వలపు, అవసరం ఒకదానిలో ఒకటి కలిసిపోయి, విడదీస్తే రెండూ చెడిపోయేంతగా అల్లుకుపోయాయి. నైతిక తీర్పు చెప్పడానికి సిద్ధపడి కూర్చున్న చదువరి రైలు పెట్టెలో ఆమె ప్రశాంతతను చూసి తీర్పు మరచిపోతాడు. ఆయనదే ‘లేడీ కరుణాకరం’లో ఈ ధర మరింత కఠినంగా లెక్కకు వస్తుంది. అక్కడ భర్త ఎదుగుదలకు భార్య శరీరం పెట్టుబడి.

చాసో శైలి పొదుపు గురించి ఇదివరకే చాలామంది రాశారు. శృంగార విషయంలో ఆ పొదుపుకు ఒక ప్రత్యేక ప్రయోజనం ఉందని గుర్తించాలి. వర్ణన తగ్గించడం వల్ల పాత్రలకు ఏకాంతం దక్కింది. చదువరి చూడని చోట వారికంటూ ఒక జీవితం ఉందన్న భ్రమ నిలిచింది. ప్రతి క్షణాన్నీ చదువరి ముందు పరిచేసే నవలలో పాత్రలకు ఆ ఏకాంతం ఉండదు. అందువల్ల ప్రణయానికి అవసరమైన రహస్యమూ ఉండదు.

పొదుపు ఒక్కటే మార్గమని దీని అర్థం కాదు. చలం ‘మైదానం’లో కోరిక వెల్లువలా పారుతుంది. పొదుపు అన్న మాటకే అక్కడ చోటు లేదు. కానీ రాజేశ్వరి తాను ఎంచుకున్న ప్రేమ కోసం భర్తను, కులాన్ని, ఊరిని వదులుకుని, చివరికి జైలు వరకు వెళ్ళింది. చలంతో విభేదించేవారు కూడా ఆమె ఏమీ పోగొట్టుకోలేదని అనలేరు.

7. ఈ ప్రాంతపు కథ వదిలేసిన చోటు

నింద అంతా డిజిటల్ నవల మీద మోపడం న్యాయం కాదు. 1960ల చివర శ్రీకాకుళ గిరిజన రైతాంగ పోరాటం తర్వాత ఉత్తరాంధ్ర కథ భూమి, కూలి, వలస, నిర్వాసితత్వం మీద చూపు నిలిపింది. అది చేయవలసిన పనే, ఘనంగా చేసింది కూడా. అయితే ఆ క్రమంలో స్త్రీపురుషుల వలపు ప్రధాన వస్తువుగా చాలావరకు పక్కకు జరిగింది. ప్రేమ గురించి రాయడం మధ్యతరగతి విలాసమన్న అనుమానం కథకుల్లో బలపడింది. గురజాడ, చాసో తెరిచిన దారిలో తర్వాతివారు ఎక్కువ దూరం నడవలేదు. పద్దెనిమిది, ఇరవై ఏళ్ళ వయసులో ఎచ్చెర్లలోనో, విజయనగరంలోనో డిగ్రీ చదివే అమ్మాయికి తన ఊరి భాషలో, తన ఊరి పరిస్థితుల మధ్య నడిచే ప్రేమనవల కావాలంటే ఆమె చేతికి ఏది ఇవ్వాలో తెలుగు శాఖలకు తెలియదు. పాఠ్యప్రణాళికలో మనుచరిత్ర వరూధిని ఉంటుంది, కన్యాశుల్కం మధురవాణి ఉంటుంది. ఆ తర్వాత ఆమెకు దొరికేది ఫోను.

ఆ ఫోనులో ఆమె చదివి నిరాశపడిన నవలకు సామగ్రి ఆమె చుట్టూనే ఉంది. పలాస, కాశీబుగ్గ జీడిపప్పు పరిశ్రమల్లో పిక్కలు కొట్టి పప్పు తీసే పనిలో స్త్రీలే ఎక్కువ. జీడిపిక్క తొక్కలోని నూనె చర్మానికి తగిలితే పొక్కులు లేస్తాయి, వేళ్ళు నల్లబడతాయి. ఆ చేతిని ఒకరు మొదటిసారి పట్టుకునే సన్నివేశం ఏ నవలలోనైనా వస్తే, అక్కడ స్పర్శను వర్ణించడానికి రచయిత్రికి వణుకు, వెచ్చదనం అనే మాటలు చాలవు. పట్టుకున్నవాడు ముందు ఏం చూస్తాడు, ఆమె చేతిని వెనక్కి తీసుకుంటుందా, తీసుకుంటే నొప్పి వల్లనా, సిగ్గు వల్లనా, ఆ రోజు కూలి ఇంకా చేతికి రాలేదన్న చిరాకు వల్లనా అన్నది ఆమె తేల్చుకోవలసి వస్తుంది.